మీ ఇంటి అటక మీద ఒక వోలేటి ఉండవచ్చు

కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల్లో పాత క్యాసెట్లు, స్పూలు టేపులు ఇంట్లో ఉంచుకున్న కుటుంబాలవారికి, ఏటా త్యాగరాజ ఆరాధనలు జరిపే సంగీత సభల పెద్దలకు,

నమస్కారం.

ఈ లేఖలో నేను అడిగేది ఒక్కటే. మీ నాన్నగారో, తాతగారో, మేనత్తో రేడియో ముందు కూర్చుని పట్టుకున్న పాటకచేరీల టేపులు మీ ఇంట్లో ఉంటే వాటిని పాత సామాన్లవాళ్ళకు వేయకండి. వాటి మీద ఇంకేదీ రికార్డు చేయకండి. ఒక్కసారి కాపీ తీయనివ్వండి. సభలవారు ఆ పనికి ఒక బల్ల, ఇద్దరు మనుషులు, కొంచెం ఓపిక ఇవ్వండి. ఎందుకింత పట్టుగా అడుగుతున్నానో చెప్పాలంటే కర్ణాటక సంగీత గాయకుడు వోలేటి వెంకటేశ్వర్లు గారి గురించి కొంత చెప్పాలి.

ఆయన 1928లో తూర్పు గోదావరి జిల్లా రాజోలులో పుట్టారు, 1989లో పోయారు. బతుకులో ఎక్కువ భాగం విజయవాడ ఆకాశవాణిలోనే గడిచింది. నా ఈడు వాళ్ళకు ఆయన పేరు వినగానే గుర్తొచ్చేది 'సంగీత శిక్షణ' కార్యక్రమం. ఆయన ఒక పంక్తి పాడేవారు, ఎదురుగా ఉన్నవాళ్ళు అనేవారు, తప్పు పోతే మళ్ళీ ఆయన పాడేవారు. ఇళ్ళలో రేడియో ముందు కూర్చున్నవాళ్ళు కూడా అనేవాళ్ళు. గురువు దొరకని ఊళ్ళలో ఎంతోమంది ఆడపిల్లలకు అదే సంగీత పాఠశాల. మా కర్నూల్లో ఉదయం వంటింట్లో పని చేసుకుంటూనే కీర్తన నేర్చుకున్న అమ్మలను నేను ఎరుగుదును.

అయితే పాఠం చెప్పే గొంతు వేరు, కచేరీ చేసే గొంతు వేరు. పాఠంలో ఆయన సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు, తగ్గించి, వేగం తగ్గించి, నేర్చుకునేవాళ్ళకు అందేలా పాడేవారు. కచేరీలో పూర్తిగా విప్పుకుని పాడిన వోలేటి మాలో చాలామందికి దక్కలేదు. ఆయనకు ప్రచారం మీద ఆసక్తి లేదు. బజార్లో దొరికిన క్యాసెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయన పోయాక రేడియోలో ఎప్పుడైనా వేస్తే విన్నట్టు, లేకుంటే లేదు. కొన్నాళ్ళకు ఇళ్ళలో రేడియోలే మూలపడ్డాయి. అలా నాకు ప్రాణమైన గాయకుడు చాలా ఏళ్ళు నాకు వినిపించకుండా పోయాడు.

మళ్ళీ దొరికింది ప్రొద్దుటూరులో. మా బంధువుల పక్కింట్లో ఒక పెద్దాయన పోతే పిల్లలు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. గోనెసంచిలో క్యాసెట్లు, వాటి మీద ఒక టేపు రికార్డరు. సంచి గేటు బయటికి వెళ్ళబోతుంటే మా బంధువు ఆపి నాకు ఫోన్ చేశాడు. క్యాసెట్ల మీద పెద్దాయన చేతిరాత పొందికగా ఉంది. నీలం సిరా వెలిసి బూడిదరంగుకు తిరిగింది. ఒకదాని మీద 'వోలేటి, తోడి, రాత్రి కచేరీ' అని ఉంది. తేదీ లేదు, పక్కవాద్యాల పేర్లు లేవు.

దాన్ని పెట్టి విన్నాను. ముందు బుస్సుమనే చప్పుడు, దాని కింద ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. రేడియో నుంచి వైరు వేసి పట్టుకున్నది కాదు, రేడియో ఎదురుగా టేపు రికార్డరు పెట్టి దాని మైకుతో పట్టుకున్నది. ఎవరో స్టీలు గ్లాసు కింద పెట్టారు. ఎవరో 'ఉష్' అన్నారు. ఆ తర్వాత తోడి మొదలైంది.

తోడి పాడటం ఎంత కష్టమో సంగీతం నేర్చుకున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ రాగంలో గాంధారం ఒకచోట కుదురుగా నిలవదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూనే ఉండాలి. ఊపు ఎక్కువైతే మోటుగా ఉంటుంది, తగ్గితే రాగమే పోతుంది. వోలేటి ఆ గాంధారాన్ని మొదట పెద్దగా ఊపలేదు. షడ్జం మీద నిలబడి, కిందికి దిగి నిషాదాన్ని, ధైవతాన్ని చూసుకుని, మళ్ళీ పైకి వచ్చి, మూడోసారో నాలుగోసారో గాంధారాన్ని పూర్తిగా కదిలించారు. అప్పటికి తోడి వచ్చి మన పక్కన కూర్చుంది. పంచమాన్ని వదిలేసి మధ్యమం నుంచి నేరుగా ధైవతానికి వెళ్ళే ప్రయోగాలు తోడికి అందం. వాటిని ఆయన ఎంత విడివిడిగా, ఎంత స్పష్టంగా అన్నారంటే వింటూ స్వరం రాసుకోవచ్చు. అంతలోనే గొంతు వేగం అందుకుంటుంది. రవలు, అంటే వేగంగా దొర్లే స్వరాల గుత్తులు, జలజలా వస్తాయి, కానీ ప్రతి రవలోనూ స్వరం తన చోట తానుంటుంది, ఒకటి ఇంకొకదానిలో కలిసిపోదు. తారషడ్జం దగ్గర ఒక్క క్షణం ఆగారు. ఆ ఆగిన చోట తంబుర వినిపించింది. ఆ గొంతుకూ తంబురకూ మధ్య వెంట్రుకవాసి ఎడం లేదు.

తర్వాత 'కొలువమరెగదా' అందుకున్నారు. త్యాగరాజు తోడిలో పెట్టిన పెద్ద కీర్తనల్లో అదొకటి. పల్లవిలో సంగతులు ఒక్కొక్కటే విప్పుతుంటే, పాఠం చెప్పేటప్పుడు ఆయన మాకోసం దాచి ఉంచిందేమిటో అప్పుడు అర్థమైంది. అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడే స్వరకల్పన మొదలైంది. మృదంగం ఊపందుకుంది. టక్కుమని ఆగిపోయింది. ఆ వైపు టేపు అయిపోయింది. గబగబా రెండో వైపు తిప్పితే అందులో ఒక రేడియో నాటకం ఉంది. ఆ ఇంట్లోనే ఎప్పుడో, ఎవరో, తెలియక, కచేరీ మీద నాటకం పట్టారు.

నా ఈ లేఖకు అదొక కారణం. మిగిలిన సగం ఎక్కడో ఉండాలని నా ఆశ. రేడియో కచేరీ ఒక ఇంట్లోనే వినపడదు. అదే రాత్రి నంద్యాలలోనో, తాడిపత్రిలోనో, రాజంపేటలోనో ఇంకొకరు అదే కచేరీని పట్టుకుని ఉండవచ్చు. వాళ్ళ టేపు ఆ చోట తెగి ఉండకపోవచ్చు.

మన సీమకు ఈ విషయంలో ఒక మంచి సౌకర్యం ఉండేది. కడప రేడియో కేంద్రం 1963 నుంచి ఉంది. అది కాక, మీడియం వేవ్ తరంగాలు రాత్రిపూట చాలా దూరం ప్రయాణిస్తాయి. పగలు గరగరలాడే విజయవాడ రాత్రికి స్పష్టమయ్యేది. కడప వైపు వాళ్ళకు మద్రాసు బాగా వచ్చేది, అనంతపురం, హిందూపురం వాళ్ళకు బెంగళూరు పక్కింటి రేడియోలా వినిపించేది. మూడు రాష్ట్రాల కచేరీలు ఇంట్లో కూర్చుని వినగలిగిన ఊళ్ళు మనవి. కాబట్టి ఇక్కడి టేపుల్లో వోలేటి ఒక్కరే కాదు, ఎవరెవరు ఉన్నారో చెప్పలేం. టేపు ఖరీదైన వస్తువుగా ఉన్న రోజుల్లో, ప్రసారం అయిపోయిన కార్యక్రమాన్ని చెరిపి అదే టేపును మళ్ళీ వాడుకోవడం రేడియో ప్రపంచంలో మామూలు విషయం. కేంద్రంలో చెరిగిపోయిన కచేరీ శ్రోత ఇంట్లో మిగిలి ఉన్న సందర్భాలు ఉంటాయి. మీ పెద్దలు తమకు తెలియకుండానే రికార్డు గది కాపలాదారులయ్యారు.

కర్నూలువాళ్ళకు ఇంకొక మాట ప్రత్యేకంగా చెప్పాలి. వోలేటికి పాఠం చెప్పిన గురువు శ్రీపాద పినాకపాణి గారు మన ఊరివారే అయ్యారు. 1913లో శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, వైద్యం చదివి, విశాఖలో పనిచేసి, కర్నూలు వైద్య కళాశాలకు ప్రొఫెసర్‌గా వచ్చి, ఉద్యోగం అయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. 2013 మార్చి 11న, వందో ఏట, ఇక్కడే కన్నుమూశారు. వోలేటి ఆయన దగ్గర నేర్చుకున్నది కర్నూలుకు రాకముందే. కానీ ఆ బాణీ ఇక్కడ మన వీధుల్లో ఏళ్ళ తరబడి పలికింది. పొద్దున రోగులను చూసి, సాయంత్రం శిష్యులకు తోడి గాంధారం దిద్దిన మనిషి ఈ ఊళ్ళో నడిచారు. 1983లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం, వోలేటి అందరూ ఆయన శిష్యులు. వాళ్ళలో ఇవాళ ఒక్కరూ లేరు. గోపాలరత్నం గారు 1993లో, నూకల 2013లో, నేదునూరి 2014లో వెళ్ళిపోయారు.

పినాకపాణి గారు వందల కీర్తనలకు స్వరం రాసి 'సంగీత సౌరభం' పేరుతో ఇచ్చారు, తిరుమల తిరుపతి దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చు వేసింది. స్వరాన్ని ఊపి, జార్చి పలికించే గమకాన్ని కాగితం మీద పట్టడానికి ఆయనంత శ్రమపడినవాళ్ళు తెలుగులో అరుదు. అయినా ఆ పుస్తకం ముందు పెట్టుకుని, ఎప్పుడూ తోడి వినని పిల్లవాడు తోడి పాడలేడు. ఆ పుస్తకం పక్కన వోలేటి టేపు పెట్టండి. అప్పుడు పుస్తకం మాట్లాడుతుంది. ఆ స్వరం ఎక్కడ ఆనాలో, ఎక్కడ తాకి వదిలేయాలో, ఒక సంగతికీ ఇంకో సంగతికీ మధ్య ఎంత ఊపిరి తీసుకోవాలో చెవికి తెలుస్తుంది. పినాకపాణి గారి దగ్గర పాఠం చెప్పించుకుంటూ టేపు పెట్టుకున్న శిష్యులు, ఆ శిష్యుల పిల్లలు కర్నూల్లో ఇంకా ఉండే ఉంటారు. మీకు నా మనవి రెండింతలు.

అన్నమయ్య విషయంలో ఏం జరిగిందో కడపవాళ్ళకు నేను చెప్పాల్సింది లేదు, కానీ ఇక్కడ గుర్తు చేయక తప్పదు. రాజంపేట దగ్గరి తాళ్ళపాక నుంచి వెళ్ళి ఆయన రాసిన సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించారు కాబట్టి వేల సంఖ్యలో మిగిలాయి. ప్రతి పాట తల మీద రాగం పేరు ఉంది. కానీ ఆయన ఎలా పాడారన్నది పోయింది. రాగి ఐదువందల ఏళ్ళు నిలిచింది, వరుస ఒక్క తరం తెగేసరికి నిలవలేదు. అందుకే అనంతపురం జిల్లా రాళ్ళపల్లి నుంచి వెళ్ళిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, తర్వాత నేదునూరి వంటివారు కూర్చుని కొత్తగా వరుసలు కట్టాల్సి వచ్చింది. ఇవాళ మనం రేవతిలో కన్నీళ్ళు పెట్టుకుంటూ వినే 'నానాటి బ్రతుకు' వరుస నేదునూరి గారిది. వాళ్ళు అంత గొప్పగా కట్టారు కాబట్టి మనకు లోటు తెలియడం లేదు. అన్నమయ్య కాలంలో టేపు లేదు. వోలేటి కాలంలో ఉంది. ఉండి కూడా పోగొట్టుకుంటే ఎవరికి చెప్పుకుంటాం?

పోవడం కూడా నెమ్మదిగా జరగడం లేదు. మన ఎండలు తెలిసినవే. కర్నూల్లో మే నెలలో 44 డిగ్రీలు దాటుతుంది. స్లాబు కింద అటక మీద అట్టపెట్టెలో ఉన్న క్యాసెట్ ఎంత వేడెక్కుతుందో ఊహించండి. టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన ఇనుప ఆక్సైడ్ పొడి. వేడికీ తేమకూ ఆ జిగురు వదులుతుంది. పొడి రాలిందంటే పాట రాలినట్టే. కొన్ని రకాల టేపుల్లో జిగురు తేమ పీల్చుకుని బంకలా అవుతుంది, తిప్పబోతే కీచుమంటూ ఆగిపోతుంది. వానాకాలం చెమ్మకు తెల్లటి బూజు పడుతుంది. ఇవన్నీ ఒకెత్తు, 2009 అక్టోబరు ఒకెత్తు. ఆ వరదలో కర్నూలు పాతబస్తీ నీళ్ళలో మునిగింది. కింది గదుల్లోని పుస్తకాలు, ఫొటోలు, టేపులు బురదైపోయాయి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి. మనుషులు పోయిన చోట టేపుల గురించి మాట్లాడటం చిన్నమాట అనిపిస్తుంది. కానీ మిగిలినవి ఎన్ని ఉన్నాయో లెక్క వేసుకునేటప్పుడు అవి గుర్తు పెట్టుకోవాలి.

కొందరు అంటారు, ఇప్పుడన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా, వెతికితే వోలేటి దొరుకుతాడు కదా అని. దొరుకుతారు, నేనూ వింటాను, పెట్టినవాళ్ళకు చేతులెత్తి దండం పెడతాను. అక్కడికి అవి ఎలా వచ్చాయి? ఎవరింట్లోనో ఉన్న క్యాసెట్ నుంచే వచ్చాయి. చాలావాటికి అది కాపీకి కాపీ, దానికి కాపీ. ఎప్పటిదో, వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో రాసి ఉండదు. కుదించి కుదించి తంబుర ధ్వని గీసుకుపోయి ఉంటుంది. పెట్టినవాళ్ళ ఖాతా మూతపడితే అదీ పోతుంది. మొదటి టేపు చేతిలో ఉంటేనే దాని నుంచి మంచి కాపీ తీయగలం.

ఇక ఎలా తీయాలన్నది. ఇందులో పెద్ద విద్య లేదు, కానీ తొందర పనికిరాదు. టేపు దొరకగానే ఆత్రంగా పెట్టి వినకండి. ముందు క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి, ఇక దాని మీద పొరపాటున కూడా రికార్డు కాదు. బూజు కనిపిస్తే విడిగా పెట్టండి, దాన్ని తిప్పితే బూజు డెక్‌లోకీ (క్యాసెట్ పెట్టి నడిపే యంత్రంలోకీ), అక్కడి నుంచి తర్వాతి క్యాసెట్‌లోకీ వెళుతుంది. బాగున్నదాన్ని ఒక చివర నుంచి ఇంకో చివరకు ఒకసారి నిదానంగా చుట్టాలి. డెక్‌లో టేపును తాకే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడవాలి. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. ఆ క్యాసెట్‌ను పట్టిన టేపు రికార్డరు హెడ్ ఏ వాలున ఉందో, మన డెక్ హెడ్ కూడా అదే వాలుకు రావాలి. లేకపోతే పాట దుప్పటి కప్పుకున్నట్టు మూసుకుపోతుంది. ఆ స్క్రూను పావు చుట్టులో పావు వంతు తిప్పుతూ వింటే ఒకచోట వయొలిన్ విల్లు రాపిడి, గాయకుడి హల్లులు స్పష్టంగా తేలతాయి. ప్రొద్దుటూరు క్యాసెట్‌లో వోలేటి 'కోదండపాణి' అన్నప్పుడు డకారం నాకు తేలింది అలాగే. అంతకుముందు అది వట్టి గొణుగుడులా ఉండేది.

శ్రుతి సంగతి ఇంకా ముఖ్యం. టేపు అసలు వేగం కన్నా 6 శాతం ఎక్కువగా తిరిగితే శ్రుతి ఒక మెట్టు పెరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడినాయన ఒకటిన్నరలో పాడినట్టు వినిపిస్తాడు, గొంతు సన్నబడుతుంది, రవలు ఉన్నదానికన్నా వేగంగా వినిపిస్తాయి. అది విని పిల్లలు అదే నిజమనుకుని సాధన చేస్తే గొంతు పాడవుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. కరెంటు మీద నడిచే రేడియో నుంచి సన్నటి హమ్, అంటే ఒకే తీరుగా సాగే మోత, టేపులోకి ఎక్కుతుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. కంప్యూటర్లో ధ్వనిని గీతలుగా చూస్తే ఆ హమ్ గీత 50 దగ్గర ఉండాలి. 53 దగ్గర కనిపించిందంటే టేపు 6 శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. నా తోడి క్యాసెట్‌లో గీత అక్కడే కనిపించింది. వేగం సరిచేసి విన్నప్పుడు గొంతు ఒక్కసారిగా గుండెలోకి దిగింది. అది ఆయన అసలు శారీరం.

కాపీని ఎంపీ3లో తీయకండి. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో వేవ్ ఫైలుగా తీస్తే గంట క్యాసెట్‌కు రెండు జీబీ పైచిలుకు అవుతుంది. ఈ రోజుల్లో అది ఒక పెళ్ళి వీడియోలో మూల ముక్క. బుస్ తీసేసే సాఫ్ట్‌వేర్లు ఆ మొదటి కాపీ మీద వాడనే వాడకండి. యంత్రానికి తంబుర మోత, బుస్ దాదాపు ఒకటే. బుస్‌తో పాటు తంబురను కూడా తినేస్తుంది, అకారంలోని ఊపిరిని కూడా. ఆ గ్లాసు చప్పుడు, ఆ 'ఉష్' కూడా ఉండనివ్వండి. శుభ్రం చేయాలనిపిస్తే ఇంకో కాపీ మీద చేసుకోవచ్చు. పెట్టె మీద పెద్దలు రాసిన చీటీని ఫోన్‌తో ఫొటో తీసి ఆ ఫైలుతోనే ఉంచండి. తేదీకి, వాద్యకారులకు ఒక్కోసారి ఆ చేతిరాతే ఆధారం. పెద్ద చక్రాలకు చుట్టి ఉండే స్పూలు టేపులు మాత్రం ఇంట్లో ప్రయత్నించకండి. అవి సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో పట్టినవా, మూడుముప్పావుతోనా అన్నది తెలియాలి, బాగున్న యంత్రం ఉండాలి. తెలిసినవాళ్ళ చేతిలోనే పెట్టండి.

సభల పెద్దలారా, ఇక మీ దగ్గరికి వస్తాను. ఏటా పుష్య బహుళ పంచమికి, త్యాగరాజ ఆరాధన నాడు, మన ఊళ్ళలో ఆయన పంచరత్న కీర్తనలు పాడతాం. పిల్లలు పట్టుబట్టలు కట్టుకుని వస్తారు, పెద్దలు వరసగా కూర్చుంటారు. ఊళ్ళో సంగీతం ఇష్టపడే ప్రతి ఇంటి నుంచి ఒకరు ఆ రోజు అక్కడ ఉంటారు. టేపులున్న ఇళ్ళు కూడా అవే. ఆ హాల్లో ఒక మూల ఒక బల్ల వేయండి. ఒక మంచి డెక్, ఒక ల్యాప్‌టాప్, రెండు హార్డ్ డిస్కులు. టేపు తెచ్చినవాళ్ళ పేరు, ఊరు, టేపు మీద ఏం రాసి ఉందో ఒక నోట్‌బుక్‌లో రాసి, రసీదు ఇచ్చి, కాపీ తీశాక టేపు వాళ్ళకు తిరిగి ఇచ్చేయండి, ఫైలు కూడా ఇవ్వండి. టేపు వాళ్ళది, వాళ్ళ పెద్దలది. దాన్ని ఎవరూ తమదిగా చేసుకోకూడదు. ఈ నమ్మకం కుదరకపోతే ఎవరూ అటక ఎక్కరు. ఎంతోమంది టేపులు ఇవ్వకపోవడానికి కారణం పిసినారితనం కాదు, ఇంతకుముందు ఇచ్చినవి తిరిగి రాకపోవడం. నేను పెద్దవాళ్ళ దగ్గర ఎక్కువగా విన్న బాధ అదే.

డెక్ కొనడానికి, బాగు చేయించడానికి అయ్యే ఖర్చు ఒక కచేరీకి వేసే షామియానా ఖర్చును మించదు. మనుషులకూ కొరత లేదు. అనంతపురంలో జేఎన్టీయూ ఉంది, మన ప్రాంతాల్లో ఎన్నో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. హమ్ గీత చూసి వేగం సరిచేయడం ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు ఒక సాయంత్రం పని. శ్రుతి తెలిసిన ఒక సంగీతం టీచరు పక్కన కూర్చుంటే చాలు. ఆ పిల్లల్లో ఒకరిద్దరు సంగీతం వినడం మొదలుపెడతారు కూడా, నాకు ఆ నమ్మకం ఉంది.

హక్కుల గురించి భయపడేవాళ్ళకు ఒక మాట. చెడిపోతున్న టేపును కాపాడుకోవడానికి కాపీ తీసుకోవడం, దాన్ని అమ్మడం, బయట ప్రచురించడం ఒకటి కాదు. అమ్మకం ఎవరూ చేయొద్దు. బయట పెట్టాలంటే కళాకారుల కుటుంబాన్నీ, ఆకాశవాణినీ అడిగి పెడదాం. ఈలోగా కాపీ భద్రంగా ఉంటుంది. రెండు చోట్ల ఉంచాలి, వరద ఒక ఊరికి వచ్చినా రెండో ఊళ్ళో మిగిలేలా. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం తాళపత్రాలను, పాత ప్రతులను కాపాడుతున్న చోటు. అక్కడి పెద్దలను సభలన్నీ కలిసి వెళ్ళి అడిగితే ధ్వనిప్రతులకు కూడా ఒక బీరువా దొరుకుతుందని నా ఆశ. అలాగే ఆకాశవాణి తన భాండారంలో ఉన్న వోలేటి, పినాకపాణి రికార్డింగులను శ్రోతలకు ఇంకా విరివిగా అందించాలని మన సభల తరఫున ఒక విన్నపం వెళ్ళాలి. ఒక్క శ్రోత రాస్తే ఫైల్లో పడుతుంది. పది సభలు సంతకాలు పెడితే చదువుతారు.

ఇంకొకటి. ప్రతి కచేరీకి ముందు, మైకులు సర్దుకునే ఆ అరగంట, స్పీకర్లలో ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. ఆ అరగంట వోలేటిని వేయండి. నేదునూరి గారిని, గోపాలరత్నం గారిని వేయండి. ఎవరు పాడుతున్నారో ముందుగా చెప్పండి. నేర్చుకునే పిల్లలు అది వింటారు. వాళ్ళకు ఈ తరం గాయకులు తెలుసు, అది మంచిదే. వాళ్ళకు ముందు తోడి ఎలా ఉండేదో కూడా చెవిన పడాలి. ఒక రాగాన్ని నలుగురు నాలుగు రకాలుగా పాడటం విన్న పిల్ల, తన తోడి తాను వెతుక్కుంటుంది.

టేపులున్న అమ్మలకు, అయ్యలకు చివరగా. మీరు ఇప్పుడే ఏమీ చేయక్కర్లేదు. పెట్టె కిందికి దించి, వేడి తగలని గదిలో, నేలకు ఎత్తుగా ఒక షెల్ఫు మీద నిలువుగా పెట్టండి. స్పీకర్ల పక్కన, టీవీ మీద పెట్టకండి, అయస్కాంతం పాటను చెరుపుతుంది. పైన ఏం రాసి ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. మీ ఊరి సభవాళ్ళకు ఆ కాగితం చూపించండి. 'వోలేటి' అని ఎక్కడ కనిపించినా, ముఖ్యంగా రాత్రి కచేరీ, తోడి అని ఉంటే, 'కొలువమరెగదా' స్వరాలు పూర్తిగా ఉన్నాయో లేదో ఒక్కసారి చూడమని చెప్పండి. నా దగ్గరున్న సగం కాపీని కర్నూలు సభవారికి ఇప్పటికే ఇచ్చాను. రెండో సగం మీలో ఎవరి దగ్గర ఉన్నా, అది నాకివ్వాల్సిన పని లేదు, దాని పక్కన చేరిస్తే చాలు.

ఇట్లు
కర్నూలు నుంచి
ఒక శ్రోత